బడిలో ఇంటర్నెట్: పిల్లలకు ప్రమాదం రాకుండా ఏం చేయాలి, వస్తే ఏం చేయాలి

అనంతపురం జిల్లాలో చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో ఇప్పుడు తరగతి గోడకి ఇంటరాక్టివ్ ప్యానెల్ (చేత్తో తాకి వాడే పెద్ద డిజిటల్ తెర) ఉంది. చిన్న తరగతుల్లో స్మార్ట్ టీవీ ఉంది. 2022 డిసెంబర్‌లో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చింది. ఆ పిల్లలు పదో తరగతి దాటిపోయినా, ఆ ట్యాబ్‌లు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ వాడుతున్నారు. ప్రైవేటు స్కూళ్లలో అయితే హోంవర్క్ మొత్తం వాట్సాప్‌లోనే నడుస్తోంది. ఇంటర్నెట్ బడిలోకి రావాలా వద్దా అని ఇప్పుడు మాట్లాడుకుని లాభం లేదు, అది వచ్చేసింది. కానీ చాలా బళ్లలో దాన్ని చూసుకునే పని ఎవరిదో ఇంకా తేల్చుకోలేదు.

ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా చేయాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. దీనికి కంప్యూటర్ టీచరే అయి ఉండనక్కర్లేదు. సెట్టింగులు మార్చడం ఒక పూట పని. అసలు కష్టం ఆ తర్వాత ఉంది. ఏదో ఒకటి జరిగాక పిల్లలు నోరు విప్పరు. చెబితే ఫోన్ లాక్కుంటారని మగపిల్లల భయం. చెబితే బడి మాన్పించి పెళ్లి చేసేస్తారని ఆడపిల్లల భయం. మన ఊళ్లు తెలిసినవాళ్లెవరూ ఆ భయం ఉత్తదని అనలేరు. ఏ ఫిల్టరూ ఆ భయాన్ని తీయలేదు. అది టీచర్ చేయాల్సిన పని. అందుకే సెట్టింగుల కంటే ముందు మనుషులతో మొదలుపెడదాం.

మొదటి అడుగు: ఇద్దరి పేర్లు రాయండి

స్టాఫ్ మీటింగ్‌లో ఒక మేడం, ఒక సార్ ఈ బాధ్యత తీసుకోవాలి. ఇద్దరూ ఎందుకంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి తన ఫొటో సంగతి సార్‌తో చెప్పదు. అబ్బాయి వీడియో కాల్ సంగతి మేడంతో చెప్పడు. సీనియారిటీ చూసి ఎంచకండి. పిల్లలు ఇంటర్వెల్‌లో ఎవరి చుట్టూ చేరతారో చూసి ఎంచండి. ఒక్కోసారి ఆ మనిషి పీఈటీ సార్ కావచ్చు, కేజీబీవీలో (కస్తూర్బా బాలికల విద్యాలయంలో) అయితే హాస్టల్ మేడం కావచ్చు.

వాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి. కింద మూడు నంబర్లు ఉండాలి: పిల్లల సహాయానికి 1098, ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930, అత్యవసరమైతే 112. ఇవే నంబర్లు బాలికల టాయిలెట్ దగ్గర గోడ మీద కూడా రాయించండి. నలుగురూ తిరిగే చోట నిలబడి నంబర్ రాసుకోవడానికి పిల్లలు వెనకాడతారు.

రెండో అడుగు: బడిలో నెట్ ఎక్కడెక్కడ ఉందో రాసుకోండి

ఒక నోటుబుక్ తీసుకుని బడి అంతా తిరగండి. ప్యానెళ్లు, టీవీలు, ల్యాబ్ కంప్యూటర్లు, ఆఫీసు కంప్యూటర్, రూటర్ అన్నీ రాయండి. ఏ దాంట్లో ఎవరి జీమెయిల్ తెరిచి ఉంది, వైఫై పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు అన్నది కూడా రాయండి. ఈ చివరి ప్రశ్నకి జవాబు చాలా బళ్లలో ఒకటే: అందరికీ తెలుసు. పదో తరగతి పిల్లలకి తెలుసు, పక్కనున్న టీకొట్టు అబ్బాయికి కూడా తెలుసు.

మూడో అడుగు: వైఫై

రూటర్ వెనకాల స్టిక్కర్ మీద ఒక చిరునామా ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. వైఫైకి కలిపిన కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి అది టైప్ చేస్తే రూటర్ సెట్టింగులు వస్తాయి. రూటర్ పెట్టేటప్పుడు ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ చాలా చోట్ల అలాగే ఉండిపోతుంది. ముందు దాన్ని మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెండూ మార్చాలి. మీకు చేతకాకపోతే లైన్ వేసిన బీఎస్ఎన్ఎల్ లేదా ఫైబర్‌నెట్ మనిషిని పిలిపించి మీ ముందే మార్పించండి. కొత్త పాస్‌వర్డ్ మాత్రం మీ చేత్తోనే టైప్ చేయండి.

రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అనే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. ప్యానెళ్లకీ ల్యాబ్‌కీ ఒక నెట్‌వర్క్, ఆఫీసు కంప్యూటర్‌కి ఇంకొకటి ఉంటే మంచిది. పిల్లల ఆధార్ నంబర్లూ మార్కుల రిజిస్టర్లూ ఉండేది ఆఫీసు కంప్యూటర్‌లోనే.

ఇక ఫిల్టర్. దీనికి పైసా ఖర్చు లేదు. రూటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ (సైట్ పేరు కొడితే దాని చిరునామా వెతికిపెట్టే సేవ) అని రెండు ఖాళీలు ఉంటాయి. వాటిలో 185.228.168.168, 185.228.169.168 అని నింపండి. ఇది క్లీన్‌బ్రౌజింగ్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే ఫ్యామిలీ ఫిల్టర్. అశ్లీల సైట్లను ఆపుతుంది, గూగుల్, యూట్యూబ్ వెతుకులాటను సేఫ్ మోడ్‌లో ఉంచుతుంది, ఫిల్టర్‌ను తప్పించుకునే ప్రాక్సీ సైట్లను కూడా ఆపుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.3, 1.0.0.3 కూడా అశ్లీల సైట్లనీ వైరస్ సైట్లనీ ఆపుతాయి. రెంట్లో ఏదైనా ఒకటి చాలు. సేవ్ చేసి రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. తర్వాత పిల్లలు లేని వేళ మీరే నాలుగు మాటలు టైప్ చేసి ఫిల్టర్ పని చేస్తోందో లేదో చూడండి.

కరెంటు పోయినప్పుడో, లైన్ సతాయించినప్పుడో టీచర్లు తమ ఫోన్ హాట్‌స్పాట్‌ని ప్యానెల్‌కి ఇస్తారు. అప్పుడు రూటర్‌లో పెట్టిన ఫిల్టర్ పని చేయదు. అందుకే హాట్‌స్పాట్ ఇచ్చే ప్రతి రోజూ మరింత కనిపెట్టుకుని ఉండాలి. ప్యానెల్ ఆండ్రాయిడ్‌ది అయితే, దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉందేమో చూడండి. ఉంటే అక్కడ ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్-డీఎన్ఎస్ డాట్ కామ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వండి. అప్పుడు నెట్ ఏ దారిన వచ్చినా ఆ ఒక్క పరికరంలో ఫిల్టర్ ఉంటుంది. ఇంటి దగ్గర పిల్లల చేతికి వెళ్లే ఫోన్లో కూడా ఇదే చేయొచ్చు.

నాలుగో అడుగు: ప్యానెల్, టీచర్ ఫోన్

తరగతిలో ఎక్కువ ఇబ్బందులు ఇక్కడే వస్తాయి. ప్యానెల్‌లో టీచర్ సొంత జీమెయిల్ తెరిచి ఉంటే, రాత్రి ఇంట్లో ఆ టీచర్ చూసిన వీడియోల వరసే పొద్దున తరగతిలో కనిపిస్తుంది. బడి పేరుతో వేరే జీమెయిల్ ఒకటి తెరవండి. ప్యానెళ్లన్నింట్లో అదే ఉండాలి. రికవరీ నంబర్‌గా హెచ్ఎం నంబర్ ఇవ్వండి, హెచ్ఎం మారినప్పుడల్లా అది మార్చండి.

యూట్యూబ్ సెట్టింగుల్లో రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేయండి. అది ఆన్‌లో ఉంటే కామెంట్లు కూడా కనిపించవు. ఆటోప్లే ఆఫ్ చేయండి. కిరణజన్య సంయోగక్రియ వీడియో అయిపోగానే యూట్యూబ్ దానంతట అదే ఇంకోటి మొదలుపెడుతుంది. ఆ ఇంకోటి ఏమిటో మన చేతిలో ఉండదు. వీడియోని ముందు రోజే చివరి దాకా చూడండి. మొదటి నిమిషం చూసి వదిలేయడం చాలదు. పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో వచ్చే వీడియోలకి ప్రకటనల బెడద లేదు. పాఠం అక్కడ దొరికితే అక్కడే చూపించండి.

ఫోన్ స్క్రీన్‌ని ప్యానెల్ మీద చూపించే టీచర్లు ముందు డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేయాలి. వాట్సాప్ మెసేజ్ పైనుంచి జారి నలభై మంది పిల్లల ముందు పడుతుంది. అందులో బ్యాంకు ఓటీపీ ఉండొచ్చు, ఇంకో పిల్ల తల్లి పంపిన సొంత విషయం ఉండొచ్చు. ఆ రెండోది బయటపడితే ఆ పిల్ల మళ్లీ మిమ్మల్ని నమ్మదు.

అలాగే, ఫొటో తీసుకు రమ్మనో, పక్క తరగతికి వాట్సాప్ పెట్టమనో మీ ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకండి.

ఐదో అడుగు: పిల్లల వివరాలు, ఫొటోలు

ఈ అడుగుకి ఏ సెట్టింగూ అక్కర్లేదు, అలవాటు మారితే చాలు. ఒక పథకం వివరాలు సాయంత్రం లోపల కావాలని పైనుంచి మెసేజ్ వస్తుంది. క్లాస్ టీచర్ ఎక్సెల్ షీట్ తయారు చేసి గ్రూపులో పెట్టేస్తారు. అందులో పిల్ల పేరు, కులం, ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్ అన్నీ ఉంటాయి. ఆ గ్రూపులో బదిలీ అయి వెళ్లిన వాళ్లుంటారు, రిటైరైన వాళ్లుంటారు. ఒకరి ఫోన్ పోయినా అదంతా పరాయివాళ్ల చేతిలో పడుతుంది.

దీని ఫలితం పిల్లల ఇంటికి ఫోన్ కాల్ రూపంలో వస్తుంది. "అమ్మా, తల్లికి వందనం డబ్బులు మీ ఖాతాలో పడలేదు కదా, పాప పేరు ఇదే కదా, ఓటీపీ వచ్చింది చెప్పండి" అని అడిగితే ఏ తల్లి అయినా నమ్ముతుంది. పిల్ల పేరు, బడి పేరు సరిగ్గా చెప్పినవాడు ఆఫీసు మనిషే అనుకుంటుంది. కాబట్టి వివరాలు గ్రూపులో పెట్టకండి. అడిగిన అధికారికి మాత్రమే పంపండి, ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టి పంపండి, పాస్‌వర్డ్ ఫోన్ చేసి చెప్పండి. ఆధార్ నంబర్ పూర్తిగా అడగని చోట చివరి నాలుగు అంకెలే ఇవ్వండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలంటుంది. ఏదో యాప్ వాళ్లు వచ్చి ఉచితంగా పరీక్ష పెడతాం, పిల్లల నంబర్లు ఇవ్వండి అంటే ఆ మాట గుర్తుంచుకుని వద్దని చెప్పండి.

ఫొటోల విషయంలోనూ అంతే. బహుమతి ప్రదానం ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తుంది, బడికి పేరొస్తుంది. గుంపు ఫొటో దూరం నుంచి తీసి పెట్టండి. ఒక్క పిల్ల ముఖం దగ్గరగా ఉన్న ఫొటో, పక్కన పేరు, ఊరు, తరగతి కలిపి పెట్టకండి. ఆ ముఖాన్ని ఇంకో శరీరానికి అతికించడానికి ఇప్పుడు నైపుణ్యం కూడా అక్కర్లేదు, ఏఐ యాప్‌లు నిమిషాల్లో చేసేస్తున్నాయి.

ఆరో అడుగు: పిల్లలకి నేర్పడం

నో బ్యాగ్ డే రోజు ఒక పీరియడ్ దీనికి పెట్టండి. ఉపన్యాసం వద్దు. ఇంటర్నెట్ ప్రమాదం, జాగ్రత్త, చెడు అని చెబుతూ పోతే పిల్లలు తలాడించి వెళ్లిపోతారు. వాళ్లు రోజూ చూసేవాటితో మొదలుపెట్టండి. ఫ్రీ ఫైర్ ఆటలో డైమండ్స్ ఉచితంగా ఇస్తామని లింక్ వస్తే ఏం చేస్తారని అడగండి. తరగతి మొత్తం ఒక్కసారిగా మాట్లాడుతుంది. ఎవరెవరి ఐడీలు పోయాయో వాళ్లే చెబుతారు. ఆ కథల్లోనుంచే పాఠం తీయండి: ఆ లింక్ ఐడీ, పాస్‌వర్డ్ అడిగింది, నువ్వు ఇచ్చావు, వాడు మార్చేశాడు.

పాస్‌వర్డ్ అంటే ఊరి పేరు, పక్కన 123 అనుకునే పిల్లలకి వాక్యం పెట్టడం నేర్పండి. తమకి మాత్రమే తోచే నాలుగైదు మాటల తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, మధ్యలో ఒక అంకె పెడితే గట్టి పాస్‌వర్డ్ అవుతుంది. పిల్లలకి సులభంగా గుర్తుంటుంది. ప్రాణస్నేహితురాలికి కూడా చెప్పకూడదని చెప్పండి. స్నేహం చెడినప్పుడు ఆ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లనే ఆలోచించమనండి.

వయసు గురించి దాచకుండా మాట్లాడండి. ఇన్‌స్టాగ్రామ్‌కి, వాట్సాప్‌కి కనీస వయసు 13. ఆరో తరగతి పిల్లకి ఐడీ ఉండకూడదు. తొమ్మిది, పది తరగతుల వాళ్లు ఐడీ తెరిచేటప్పుడు పెద్దవాళ్లమని తప్పు పుట్టిన సంవత్సరం ఇస్తారు. అసలు సంవత్సరం ఇస్తే ఇన్‌స్టాగ్రామ్ దాన్ని టీన్ అకౌంట్‌గా పెడుతుంది. అప్పుడు ఐడీ దానంతట అదే ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు మెసేజ్ చేయలేరు. తప్పు సంవత్సరం ఇచ్చిన పిల్లకి ఆ రక్షణ ఉండదు. ఇది వివరించి చెబితే కొంతమందైనా మార్చుకుంటారు.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్లోకి యాప్‌ని దించే ఫైళ్ల) గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి పత్రిక అనో పేరుతో ఫైల్ వస్తుంది. నొక్కితే ఫోన్లోకి దొంగ యాప్ దిగి మెసేజ్‌లన్నీ చదువుతుంది. మన ఇళ్లలో నాన్న ఫోన్‌ని నడిపేది పిల్లలే కాబట్టి ఈ పాఠం పిల్లలకి చెబితే ఇల్లంతటికీ చెప్పినట్టే.

అన్నింటికన్నా ముఖ్యమైన పాఠం పరిచయం ఎలా ప్రమాదంగా మారుతుందో చూపించడం. కొత్త ఐడీ నుంచి రిక్వెస్ట్ వస్తుంది. బాగా మాట్లాడతారు. ఇంట్లో ఎవరూ పట్టించుకోని సంగతులు వాళ్లు ఓపిగ్గా వింటారు. కొన్నాళ్లకి "ఈ మాట ఎవరికీ చెప్పొద్దు" అంటారు. ఆ తర్వాత ఫొటో అడుగుతారు, లేదా వీడియో కాల్ చేస్తారు. ఫొటో చేతికి చిక్కాక బెదిరింపు మొదలవుతుంది. అమ్మాయిలకే ఇలా జరుగుతుందనుకోకండి. అమ్మాయి ఫొటో పెట్టుకున్న దొంగ ఐడీల నుంచి అబ్బాయిలకి కాల్స్ వస్తాయి, రికార్డ్ చేసి డబ్బు అడుగుతారు. పిల్లలకి ఒక్క గుర్తు చెప్పండి: ఎవరైనా "ఇది ఎవరికీ చెప్పొద్దు" అన్నారంటే, సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషికి చెప్పాలి.

నాటకంలా వేయిస్తే ఇంకా బాగుంటుంది. ఒకరు దొంగ ఐడీ, ఒకరు పిల్ల, ఒకరు ఫ్రెండ్. ఫ్రెండ్ పాత్రకి ఎక్కువ మాటలు ఇవ్వండి. నిజంగా జరిగినప్పుడు పిల్ల మొదట చెప్పేది ఫ్రెండ్‌కే, టీచర్‌కి కాదు. ఆ ఫ్రెండ్ ఏం చేయాలో తెలిసి ఉండాలి: ఎగతాళి చేయకుండా, ఇంకొకరికి చెప్పకుండా, చేయి పట్టుకుని మేడం దగ్గరికి తీసుకురావాలి.

ఏడో అడుగు: పిల్ల వచ్చి చెప్పినప్పుడు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. మొదటి ఐదు నిమిషాల్లో మీరు ఏం మాట్లాడతారన్న దాని మీద ఆ పిల్ల భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కూర్చోబెట్టండి. నీళ్లివ్వండి. తలుపు పూర్తిగా మూయకండి, కానీ మాట బయటికి వినపడనంత దూరంలో కూర్చోండి. "భయపడాకు పాపా, నువ్వు చెప్పి మంచి పని చేసినావు, తప్పు చేసింది వాడు" అనండి. అబ్బాయి అయితే "రా నాయనా, ఏం కాదులే, చూసుకుందాం" అనండి. ఇంతకు మించి తీర్పు చెప్పే మాట ఒక్కటి కూడా ఆ రోజు వద్దు. "అసలు ఎందుకు పంపించినావు?", "ఇన్‌స్టా ఎందుకు నీకు?" లాంటి ప్రశ్నలు అడిగితే పిల్ల మిగతా సగం దాచేస్తుంది. ఆ దాచిన సగంలోనే బెదిరిస్తున్నవాడు ఎవరో ఉంటుంది, ఒక్కోసారి వాడు ఊళ్లోవాడే.

ఇంకెవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. నిలబెట్టుకోలేరు. "నీకు సాయం చేయడానికి అవసరమైన వాళ్లకి మాత్రమే చెబుతాను, ఎవరికి చెబుతున్నానో ముందు నీకు చెబుతాను" అనండి, అలాగే చేయండి.

ఫోన్‌లో ఉన్నది చెరిపేయనివ్వకండి. పిల్లలు భయంతో మొదట చేసేది అదే. బెదిరించిన చాట్, ఆ ఐడీ పేరు, లింక్, తేదీ, సమయం స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. కానీ ఆ నగ్న ఫొటో లేదా వీడియోని మాత్రం మీరు కాపీ చేసుకోకండి, మీ ఫోన్‌కి పంపించుకోకండి, సాక్ష్యం కోసమని హెచ్ఎంకి ఫార్వర్డ్ చేయకండి. పిల్లల అశ్లీల చిత్రాలు పంపడం ఐటీ చట్టం 67బీ ప్రకారం నేరం. అలాంటివి చూడడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం కిందికే వస్తుందని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్ల ఫోన్లో ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి, పోలీసులు చూసుకుంటారు. అన్నీ రాసుకున్నాక అప్పుడు ఆ ఐడీని బ్లాక్ చేయించండి. డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా పంపొద్దని చెప్పండి, పంపితే మళ్లీ అడుగుతారు. అప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

తర్వాత హెచ్ఎం, ఆ వెంటనే పోలీస్. ఇక్కడే చాలా బళ్లు వెనక్కి తగ్గుతాయి. బడి పరువు పోతుందని, పిల్ల పేరు బయటికొస్తుందని, ముందు మనమే విచారిద్దామని అనుకుంటారు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. నేరం చేసింది బడిలో పనిచేసే మనిషే అయి, సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చిన వాళ్ల మీద మాత్రం ఏ చర్యా ఉండదని అదే చట్టం చెబుతుంది. ఫొటో నిజమైనదా, అతికించి తయారు చేసినదా అన్నది తేల్చాల్సిన పని మీకు లేదు. కల్పించిన బొమ్మతో పిల్లని బెదిరించినా ఆ చట్టం కిందికే వస్తుంది.

పోలీస్ అనగానే ఇంటివాళ్లు బెదిరిపోతారు. వాళ్లకి చెప్పాల్సిన మాటలు ఇవి, చట్టంలో రాసి ఉన్నవే: పిల్ల వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, లేదా పిల్ల కోరుకున్న చోట. వీలైనంత వరకు మహిళా ఎస్సై వస్తారు. వచ్చేవాళ్లు యూనిఫాంలో ఉండకూడదు. పిల్లని రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, బడి, ఊరు పేపర్లో రాయకూడదు. "స్టేషన్ మెట్లు ఎక్కాలా?" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయే తల్లికి ఈ మాటలు చాలా ధైర్యం ఇస్తాయి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు, మహిళలు, పిల్లల నేరాలకి అందులో వేరే విభాగం ఉంది.

ఫొటో నెట్‌లో తిరుగుతుందన్న భయం ఉంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది, అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం నడుపుతోంది. ఇందులో ఫొటోని ఎవరికీ పంపనక్కర్లేదు. పిల్ల ఫోన్లోనే ఆ ఫొటోకి ఒక గుర్తు సంఖ్య తయారవుతుంది, ఆ సంఖ్య మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకి వెళ్తుంది. దాంతో అవి ఆ ఫొటోని గుర్తుపట్టి తీసేస్తాయి. పేరు చెప్పనక్కర్లేదు.

ఒకవేళ ఫొటో పంచింది అదే తరగతి అబ్బాయి అయితే, ప్రార్థన సమయంలో నిలబెట్టి కొట్టడం, పేరు చదవడం చేయకండి. వాడి పేరు చెబితే పిల్ల పేరు కూడా బయటపడినట్టే. వాడూ 18 లోపు వాడే, వాడి విషయం బాలల న్యాయ చట్టం చూసుకుంటుంది.

ఆ తర్వాతి నెల రోజులు ఆ పిల్ల హాజరు మీద కన్నేసి ఉంచండి. రెండు రోజులు వరసగా రాకపోతే ఇంటికి వెళ్లండి. సంబంధాలు చూస్తున్నారని తెలిస్తే 1098కి చెప్పండి. 18 నిండకుండా ఆడపిల్లకి పెళ్లి చేయడం 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరమని ఇంటివాళ్లకి మెత్తగానే, కానీ స్పష్టంగా చెప్పండి. ఒక పిల్ల నోరు విప్పి చెప్పిన తర్వాత కూడా బడిలో ఉంటే మిగతా పిల్లలందరూ దాన్ని చూస్తారు. బడి మానేస్తే అదీ చూస్తారు.

ఎనిమిదో అడుగు: ఇంటివాళ్లతో మాట్లాడడం

కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఊళ్లలో అమ్మానాన్నలు బెంగళూరు పనికి పోయి, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. ఆ ఇంట్లో ఫోన్ అంటే అమ్మని చూసే కిటికీ. "ఫోన్ ఇవ్వకండి" అన్న సలహా ఆ ఇంటికి పనికిరాదు. అలాంటి చోట అవ్వకి చెప్పగలిగింది రెండే మాటలు. ఫోన్‌పే పిన్ పిల్లలకి చెప్పొద్దు. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ మీ మంచం దగ్గర చార్జింగ్ పెట్టండి. అమ్మానాన్నలకి మాత్రం మీరే వీడియో కాల్ చేసి ఐదు నిమిషాలు మాట్లాడండి. బిడ్డ ఏదైనా చెబితే తిట్టబోమని, ఫోన్ లాక్కోబోమని, బడి మాన్పించబోమని వాళ్లే బిడ్డకి చెప్పేలా చూడండి. ఆ మాట టీచర్ నోట వినడం వేరు, అమ్మ నోట వినడం వేరు.

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో దీనికి పావుగంట అడగండి. స్లైడ్లు వద్దు. వాళ్ల ఫోన్లు వాళ్ల చేతుల్లోనే పట్టుకోమని, అక్కడికక్కడే మూడు పనులు చేయించండి: స్క్రీన్ లాక్, వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, ప్లే స్టోర్‌లో కొనేముందు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడం. పదో తరగతి పిల్లల్ని వరసకొకరిని సాయానికి నిలబెట్టండి. పాత ట్యాబ్ ఇంట్లో ఉన్నవాళ్లని మరుసటి రోజు తెమ్మనండి. కొన్ని ట్యాబ్‌ల లాక్ ఎప్పుడో తీసేసి ఉంటుంది. చెల్లెలు వాడుతుంటే ఫ్యామిలీ లింక్ (పిల్లల వాడకాన్ని పెద్దలు చూసుకునే గూగుల్ యాప్) పెట్టి, ప్రైవేట్ డీఎన్ఎస్ మార్చి ఇవ్వండి.

తొమ్మిదో అడుగు: ప్రతి జూన్‌లో

వేసవిలో బదిలీలు అవుతాయి. కొత్త హెచ్ఎం వస్తారు, పాత కంప్యూటర్ సార్ వెళ్లిపోతారు, వాళ్లతోపాటు పాస్‌వర్డ్‌లూ వెళ్లిపోతాయి. బడి తెరిచిన మొదటి వారంలోనే రూటర్ పాస్‌వర్డ్‌లు మార్చండి, బడి జీమెయిల్ రికవరీ నంబర్ మార్చండి, వెళ్లినవాళ్లని గ్రూపుల్లోంచి తీయండి. ఫిల్టర్ ఇంకా పని చేస్తోందో పరీక్షించండి, రూటర్ రీసెట్ చేసినప్పుడు అది పోయి ఉండొచ్చు. బోర్డు మీద రాసిన ఇద్దరిలో ఎవరైనా బదిలీ అయితే అదే రోజు ఇంకొకరి పేరు రాయండి. రాశాక ప్రతి తరగతికీ వాళ్లని తీసుకెళ్లి, పేరు చెప్పి, పిల్లలకి పరిచయం చేయండి.